‘ఈ’ ఒకటా, రెండా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ పిల్లల పేజీలో ఏ, ఈ, ఎల్, పీ, ఎస్, టీ అని ఆరు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి, వీటితో అయిదక్షరాల మాటలు ఎన్ని వస్తాయో చూడమన్నారు. సోమవారం జవాబులు వేసి ‘మొత్తం తొమ్మిది’ అని తేల్చేశారు. అందులో ఒకటి స్లీప్, అంటే నిద్ర. దానికి ‘ఈ’ రెండు కావాలి. మీరిచ్చింది ఒకటే.

ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు, నేను ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇదే పనిమీద కూర్చున్నాం. పాత క్యాలెండరు కాగితం ఆరు ముక్కలు చేసి, ముక్కకో అక్షరం రాసింది. ‘‘తాతా, ఆరింటిలో అయిదు కావాలంటే ఒకటి పక్కన పెట్టాలి కదా, వరసగా ఒక్కొక్కటీ పెడదాం’’ అంది. ముప్పై ఏళ్లు అక్షరాలతోనే అన్నం తిన్నవాణ్ణి, నాకు తట్టలేదు. ‘పీ’ని పక్కన పెడితే స్లేట్, స్టేల్, లీస్ట్, టేల్స్, స్టీల్. ఈ స్టీల్ దొంగతనమే, లోహం కాదు. లోహానికి మళ్లీ ‘ఈ’ రెండు కావాలి. ‘ఎస్’ను తీస్తే ప్లేట్, పెటల్, లెప్ట్ (గెంతడానికి భూతకాలం) వచ్చి ఆగిపోయాం. వంటింట్లోంచి మా ఆవిడ ‘‘చీర కుచ్చిళ్లను ప్లీట్లు అనరూ?’’ అంది. అది నాలుగోది. ‘టీ’ తీసినప్పుడు సీపల్ దొరికింది. రక్షకపత్రం, ఆకర్షణపత్రం రెండూ ఈ ఆరు అక్షరాల్లోనే ఉన్నాయని పిల్ల సైన్సు పుస్తకం తెచ్చి చూపించింది. ‘ఏ’ తీస్తే స్లెప్ట్, స్పెల్ట్, పెల్ట్స్. నిద్ర మాటే వేయాలనుకుంటే మీరు వేయవలసింది ఆ స్లెప్ట్! ‘ఈ’ని తీసేస్తే మాత్రం మాకు దొరికింది స్ప్లాట్ ఒక్కటే. ఇక్కడ రాయనివి కూడా కలిపి మాకు దొరికినవి ఇరవై ఒకటి.

మరునాడు ఆ కాగితం టీ కొట్టుకు పట్టుకెళ్లడం నా పొరపాటు. ఆర్టీసీలో రిటైరైన మిత్రుడు, చివర ‘ఎస్’ తగిలించిన ఆరూ చెల్లవన్నాడు. బహువచనం ఎవడైనా చేస్తాడట. అవి పోతే పదిహేను. బ్యాంకాయన అందుకు ఒప్పుకోలేదు కానీ, పత్రికలో స్లీప్ అచ్చయింది కనుక అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చని వాదించాడు. అలాగైతే స్టీప్, స్లీట్, ఆపిల్, టేస్ట్, స్టేట్, అన్నీ వచ్చేస్తాయి. ఇక తొమ్మిది ఏమిటి, ఇరవై ఒకటి ఏమిటి?

నిజం చెప్పాలంటే నేను మొదట బ్యాంకాయన పక్షమే. చిత్తూరులో కోర్టుకు దగ్గర్లో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు మిషన్ మీద ‘ఈ’ మీట ఒకటే, దాన్ని వందసార్లు కొట్టినా అడిగేవారు లేరు. మాకు మాట అంటేనే అయిదు స్ట్రోకులు, వేగం లెక్కంతా దాని మీదే. నేర్చుకునే పిల్లలకు ఒక్కో వరస మీటలతోనే మాటలు వెతికి ఇవ్వడం నా రోజువారీ పని. మధ్య వరసకు ఫ్లాస్క్, సలాడ్ దొరికేవి. కింది వరసలో అచ్చు ఒక్కటీ లేదు, ‘వై’ కూడా లేదు, మాట పుట్టదు. పై వరసతో పదక్షరాల మాట చెప్పమని అడిగితే పిల్లలు తలలు గోక్కునేవారు. జవాబు వీధిలోనే, మా బోర్డు మీదే ఉండేది: టైప్‌రైటర్. ఆ కిందనే నా పేరు పక్కన ప్రొప్రైటర్, అదీ పదే, అదీ పై వరసే. బోర్డు రాయించిన ఆరేళ్లకు గాని నాకే తెలియలేదు! తిరుపతి అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, ఎనిమిదింట్లో ఏడు పై వరసవే, ‘ఏ’ ఒక్కటే కిందికి జారింది.

అయితే టైప్‌రైటర్‌లో ‘టీ’ రెండు, ‘ఈ’ రెండు, ‘ఆర్’ రెండు ఉన్నాయి. మీట లెక్కయితే చెల్లుతుంది, మా మనవరాలి కాగితం ముక్కల లెక్కయితే చెల్లదు. రెండూ న్యాయమైన ఆటలే. ఏది ఆడుతున్నామో ముందు చెప్పాలి, అంతే. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు, అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్ ఆటను తయారుచేస్తూ, ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో వార్తాపత్రిక ముందు పెట్టుకుని లెక్కపెట్టాడు. నూరు బిళ్లల్లో ‘ఈ’కి 12 ఇచ్చాడు. ‘ఎస్’కు మాత్రం నాలుగే, బహువచనాలు మరీ తేలికైపోతాయని. మా టీ కొట్టు తగువులు రెండూ ఆయన బిళ్లలతోనే తీర్చేశాడన్నమాట. దాచిన మాటను ఊహించే ఆట, 2021లో వచ్చిన వర్డిల్‌లో ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చు, అయిదక్షరాల మాటకు ఆరు అవకాశాలు. అదీ తెలిసిన నియమమే.

కాబట్టి నా మనవి. ప్రహేళిక కింద రెండు వాక్యాలు వేయండి: ఇచ్చిన అక్షరాన్ని ఒకసారే వాడాలా, మళ్లీ వాడవచ్చా, చివర ‘ఎస్’ చేర్చిన మాట లెక్కకు వస్తుందా, రాదా. జాగా లేదంటారేమో, పక్కన వేసే ఏనుగు బొమ్మను కాస్త తగ్గించండి. జవాబుల్లో ‘మొత్తం ఇన్ని’ అనే బదులు ‘మాకు దొరికినవి ఇన్ని’ అంటే మీకూ ఇబ్బంది ఉండదు.

ఈ ఆదివారం లోపల సవరణ వేయగలరు. మూడు టీల పందెం తేలక కొట్టతను బాకీ నా పేరున రాసుకున్నాడు.

ఇట్లు,
ఒక పాత టైపు మాస్టరు,
భవానీనగర్, తిరుపతి