ఈ చలికాలం మన షాపులో వింటర్ గ్లవ్స్ ఉండవు

అడ్వాన్స్ కట్టి బైక్ మీద వేసుకునే వింటర్ గ్లవ్స్ బుక్ చేసుకున్న అందరికీ. సరుకు వచ్చింది, కానీ మీకు ఇవ్వడం లేదు. ఆదివారంలోపు ఎవరి డబ్బులు వాళ్లకి ఫోన్‌కే వేసేస్తాను. దీనికోసం మద్దిలపాలెం దాకా రానక్కర్లేదు.

ఎందుకో మీకు తెలియాలి. శాంపిల్‌గా పంపిన జతలో పైబట్టకీ లోపలి ఫ్లీస్‌కీ (ఉన్నిలాంటి మెత్తటి బట్ట) మధ్య గాలిని ఆపే పల్చటి పొర ఉంది. బట్టకి నోరు ఆనించి గట్టిగా ఊదితే అవతల పెట్టిన అరచేతికి ఏమీ తగల్లేదు. అది చూసే ఆర్డరిచ్చాను. వచ్చిన సరుకులో ఊదితే గాలి నేరుగా అటు పోతోంది. అనుమానం తీరక ఒక జత కుట్లు విప్పించాను. స్పాంజి, ఫ్లీస్, అంతే. లేబుల్ మీద మాత్రం విండ్‌ప్రూఫ్ అని ఉంది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే ఆయనన్న మాట ఇది: "వైజాగ్‌లో చలెక్కడుంది సార్? మీవాళ్లకి తేడా ఏం తెలుస్తుంది?"

ఆ మాట నాకింకా గుచ్చుకుంటోంది. మనవాళ్లు శనివారం డ్యూటీ దిగి, అర్ధరాత్రి బండి తీసి, తెల్లారేసరికి వంజంగి కొండ మీదో లంబసింగిలోనో ఉంటారని ఆయనకేం తెలుసు? డిసెంబరు, జనవరిల్లో అక్కడ తెల్లవారుజాము చలి 10 డిగ్రీల కిందికి పోతుంది. 8 డిగ్రీలున్నప్పుడు 60 వేగంలో వెళ్తే ఎదురుగాలికి ఒంటికి తెలిసే చలి 2 డిగ్రీలంత. ముందు మొద్దుబారేది వేళ్లే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టాల్సిందీ ఆ వేళ్లతోనే.

సప్లయర్ సగం ధరకి ఉంచుకోమన్నాడు. మా షాపు కుర్రాడు, "సిటీ గ్లవ్స్ అని బోర్డు పెట్టి అమ్మేద్దామండీ" అన్నాడు. వాడి మాటా తీసేసేది కాదు. అరచేతి తోలు మంచిది, కుట్టు గట్టిది, ఊళ్లో ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి చక్కగా సరిపోతాయి. సీజన్ సరుకు మీద పెట్టిన డబ్బంతా ఇందులోనే ఉంది. ఒక దశలో సరే అనేశాను కూడా. బోర్డు రాయించే ముందు ఆగిపోయాను. అన్న గాజువాక డ్యూటీకి కొన్న గ్లవ్స్ తమ్ముడు తొడుక్కుని చోడవరం మీదుగా పాడేరు ఎక్కేస్తాడు. మన బోర్డు వాడికి కనిపించదు, చేతి మీద లేబులే కనిపిస్తుంది. అందుకే ఒక్క జత కూడా ఉంచుకోకుండా వెనక్కి పంపేస్తున్నాను. లారీ ఖర్చు నేనే పెట్టుకుంటున్నాను. ఆయన రేపు ఎంత తగ్గించి ఇస్తానన్నా ఇక ఆ గుమ్మం తొక్కను.

జాకెట్ల సంగతి వేరు, అవి వేరే చోటి నుంచి వస్తాయి. ప్రతిదీ ఊది చూశాకే తగిలించాం. మీరూ ఊది చూసే కొనండి.

ఈ వారమే బయల్దేరేవాళ్లకి: ఇంట్లో ఉన్న రెయిన్‌కోటు జాకెట్ మీద వేసుకోండి, గాలిని బాగా ఆపుతుంది. చేతులకి పల్చటి రబ్బరు గ్లవ్స్, వాటి మీద మీ పాత గ్లవ్స్. బిగుతుగా ఉంటే మాత్రం వద్దు, రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఛాతీ దగ్గర జాకెట్ లోపల న్యూస్‌పేపరు మడత పెట్టండి. ఛాతీ చల్లబడితే గుండెని కాపాడుకోడానికి ఒళ్లు చేతులకి వెళ్లే రక్తం తగ్గించేస్తుంది, అప్పుడు ఎంత మంచి గ్లవ్స్ వేసినా లాభం ఉండదు. అరకు వెళ్లేవాళ్లు ఇవన్నీ ఇంటి దగ్గరే తొడుక్కోవద్దు. మన ఉక్కకి కొత్తవలస చేరేసరికి బనియన్ తడిసిపోతుంది, ఘాట్‌లో ఆ తడే వణికిస్తుంది. ఎస్.కోటలో టీకి ఆగినప్పుడు పొడి బనియన్ మార్చి, అప్పుడు వేసుకోండి.

గ్లవ్స్ ఇంకెక్కడైనా కొనుక్కుంటే ట్యాగ్ తెంపకుండా షాపుకి పట్టుకురండి. గాలి ఆపుతుందో లేదో చూసి చెప్తాను. నా దగ్గర కొనలేదని మొహమాటపడొద్దు.