ఈ వేసవి నెత్తళ్లు: ఆలస్యం, తక్కువ, ధర కొంచెం ఎక్కువ

భీమిలి తీరం సరుకు మా దగ్గర కొనేవారందరికీ నమస్కారం.

పోయిన విడత ఎండు నెత్తళ్లలో (వేలెడు ఉండే చిన్న సముద్రపు చేపలు) ఇసుక తగిలిందని, కొన్ని ప్యాకెట్లు మెత్తబడి వాసన వచ్చాయని చాలామంది చెప్పారు. తప్పు మాదే. ఇసుక మీద ఆరబోసిన సరుకును పైపైన చూసి తీసుకున్నాం. మండుటెండలో చేప తోలు ముందు బిగుసుకుపోతుంది, వెన్ను దగ్గర తేమ లోపలే ఉండిపోతుంది. సీలు వేసిన కొద్ది రోజులకు ఆ తేమ బయటికొచ్చి బూజు పడుతుంది. ఆ ప్యాకెట్ సగం వాడేసినా సరే, డబ్బు వెనక్కి ఇస్తాం.

ఇకనుంచి నెత్తళ్లు పెద్దవలలో పడినవే తీసుకుంటాం. ఆలస్యానికీ ధరకూ కారణం అదే.

పెద్దవలను కొన్నిచోట్ల అలివి వల అంటారు. తాడు ఒక కొస ఒడ్డున పట్టుకుని ఉంటే, పడవ అలలు దాటి వల వదులుతూ అర్ధచంద్రంలా తిరిగి రెండో కొస ఒడ్డుకు తెస్తుంది. రెండు రెక్కలు, మధ్యలో సంచి. రెక్కల్లో వల కన్ను (రంధ్రం) పెద్దది, సంచిలో సన్నం. పైతాడుకు తేలే బెండ్లు, అడుగుతాడుకు బరువులు. రెండు కొసల దగ్గర రెండు జట్లు, వల పెద్దదైతే 30, 40 మంది, లాగుతూ ఒకరి వైపు ఒకరు జరుగుతారు. ఒక జట్టు తొందరపడితే సంచి పక్కకు పోతుంది. అడుగుతాడు నేల వదిలితే చేప కిందనుంచి జారిపోతుంది. రాళ్లు లేని అడుగు ఎక్కడుందో, నీటి రంగు చూసి గుంపు ఎటు ఉందో చెప్పగలిగేది జాలరి, వాడబలిజ మత్స్యకార కులాల్లోని పెద్దలే. ఆ లెక్క ఏ యంత్రంలోనూ లేదు. పూర్వం ఈ వలకు మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసులా పడవ వాడేవారు. అల కొడితే అది వంగేది, విరిగేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల ఫైబర్ పడవలే.

నెత్తలి పొట్ట చాలా మెత్తన. చచ్చిన కొన్ని గంటలకే పేగుల్లోని రసాలు పొట్టను కరిగించేస్తాయి. రోజుల తరబడి వేటాడే బోటులో ఐస్ వేసినా అది పూర్తిగా ఆగదు. పెద్దవలలో చేప ప్రాణంతోనే ఒడ్డు చేరుతుంది. ఒడ్డునే వేలం పాడి కొన్న ఆడవాళ్లు సముద్రపు నీళ్లతోనే కడిగి వెంటనే ఆరబోస్తారు. నెత్తళ్లకు ఉప్పు అక్కర్లేదు. మేం అడిగిన పద్ధతి: నడుమెత్తు వెదురు తడికె మీద పాత వల పరిచి, ఒకే వరుసగా పోసి, రోజుకు రెండుసార్లు తిరగేయాలి. సాయంత్రం కుప్పచేసి టార్పాలిన్ కప్పాలి, లేకపోతే మంచు పగటి ఎండంతా తినేస్తుంది. మంచి ఎండలో రెండు, రెండున్నర రోజులు. కిలో ఎండుకి మూడున్నర నుంచి నాలుగు కిలోల పచ్చి చేప పోతుంది.

ఇందులో ఒక ఇబ్బందీ ఉంది. సన్నకన్ను సంచిలో పిల్లచేపలూ పడతాయి. అవి ఎక్కువున్న లాగుడు సరుకు మేం కొనం. తీరం కోతకు గురై వల లాగే ఇసుక తగ్గిపోతోంది, సంచిలో ప్లాస్టిక్ పెరుగుతోంది. కొన్ని రోజులు వలే వేయరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకు అది వర్తించదు. అందుకే మోటారు లేని పడవతో పెద్దవల వేస్తే, నిషేధంలోనూ సముద్రం తేటగా ఉన్న రోజుల్లో నెత్తళ్లు వస్తాయి. వంజరం, కానాగంత చేపలు మాత్రం మా దగ్గర ఇప్పటికే ఉన్నవే, కొత్తవి జూలై దాకా రావు. వానల్లో ఆరిన సరుకు అసలు అమ్మం.

ప్యాకెట్ అందగానే ఒక చేప విరవండి. పుల్లలా టక్కుమనాలి. వంగితే ఫోటో పంపండి, మార్చి ఇస్తాం. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. వండేముందు తల తుంచి, పొడి మూకుడులో వేయించి, వేణ్నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి కడగండి. చింతచిగురు దొరికే రోజులివి, దానితో వండుకోవడానికి పావుకిలో చాలు. ఇంటికి అరకిలో మించి ఇవ్వలేం.