సీజన్ అయిపోయింది, కథ అయిపోలేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఓటీటీలో వచ్చే హిందీ గూఢచారి సిరీస్ 'ది ఫ్యామిలీ మ్యాన్' మూడో సీజన్ కథని సగంలోనే ఆపేసిందని ప్రేక్షకులు కోప్పడితే, "ఈ కాలం వాళ్ళకి ఓపిక తక్కువ" అని తేల్చేస్తున్నవారు కొందరు కనిపిస్తున్నారు. అది సరికాదని చెప్పడానికే ఈ ఉత్తరం. కోప్పడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఇంట్లో ఈ సిరీస్ చూసేది నేను, మావారు, డెబ్భై దాటిన మా అమ్మ. 2019 సెప్టెంబరులో మొదటి సీజన్ వచ్చినప్పటి నుంచీ అమ్మకి అందులోని హీరో శ్రీకాంత్ తివారీ ఇంటి మనిషి. "పాపం, ఇటు ఇల్లు, అటు దేశం, ఎవరికీ చెప్పుకోలేడు" అంటుంది. గూఢచారి అంటే సూటు, కారు, తుపాకీ అనుకునే మనకి, ఇంటి లోన్ గురించి, పిల్లల చదువు గురించి బెంగపడే గూఢచారిని చూపించారు దర్శకులు రాజ్, డీకే. ఇద్దరూ తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్ళినవాళ్ళు కావడంతో మాకు ఇంకాస్త అభిమానం.

రెండో సీజన్ 2021 జూన్‌లో వచ్చింది. మూడోది 2025 నవంబరు 21న. మధ్యలో నాలుగేళ్ళ ఐదు నెలలు. మొదటి సీజన్‌లో బుడతడిగా ఉన్న శ్రీకాంత్ కొడుకు అథర్వ్ ఇప్పుడు ఎదిగిన కుర్రాడు. మొదటి సన్నివేశంలో అమ్మ గుర్తుపట్టక "ఈ అబ్బాయెవరే?" అంది. ఇన్నేళ్ళు ఆగిన మమ్మల్నా ఓపిక లేనివాళ్ళంటున్నారు?

ఏడో ఎపిసోడ్ చూసిన రాత్రి నాకు బాగా గుర్తుంది. తెర మీద పేర్లు పడుతున్నాయి. మామూలుగా ఆ మూల తర్వాతి ఎపిసోడ్‌కి సెకన్లు లెక్కపెట్టే చిన్న పెట్టె వస్తుంది. ఈసారి రాలేదు. అమ్మ చేతిలో రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుంది. "ఇంకోటి ఉండాలి కదే. ఆ విలన్ రుక్మ సంగతేమైంది?" అంది. వెనక్కి వెళ్ళి ఎపిసోడ్ల వరస చూపించాను. ఏడే ఉన్నాయి. మొదటి సీజన్‌కి పది, రెండోదానికి తొమ్మిది. ఏడుతో ఆగడం నాకు తప్పనిపించలేదు, కథ అక్కడ పూర్తయి ఉంటే. ఇంకా చూడనివారు ఉంటారు కాబట్టి ఎక్కడ ఆగిందో చెప్పను. ఈ సీజన్ మొదట్లో పడిన ముడి ఈ సీజన్‌లో విడలేదు, అంతే చెప్తాను.

కొసమెరుపులా ఓ ప్రశ్న వదలడం వేరు, కథని సగంలో వదిలేయడం వేరు. తెలుగువాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2015లో బాహుబలి మొదటి భాగం చూసి, కట్టప్ప ఎందుకు చంపాడో తెలియకుండానే అందరం థియేటర్ల నుంచి బయటికొచ్చాం. 2017 ఏప్రిల్ దాకా ఎదురుచూశాం. అయినా ఎవరమూ మోసపోయామనుకోలేదు. ఎందుకంటే కాలకేయులతో యుద్ధం కళ్ళముందే ముగిసింది. సింహాసనం ఎవరిదో తేలింది. ఆ తర్వాతే కొత్త ప్రశ్న వేశారు. పైగా అది ఆరంభం మాత్రమేనని పేరులోనే ఉంది. ఈ సిరీస్ రెండో సీజన్ కూడా అలాగే చేసింది. సమంత వేసిన రాజీ అనే పాత్ర కథ ఒక ముగింపుకొచ్చింది, ప్రధానమంత్రి మీద పన్నిన కుట్ర భగ్నమైంది, ఆ తర్వాతే ఈశాన్యం వైపు చూపించి ఆపారు. కడుపు నిండాక రేపేం వండుతారో చెప్పినట్టు ఉంది.

మొదటి సీజన్ కూడా ఢిల్లీలో విషవాయువు లీకవుతుండగానే ఆగింది కదా అని అడగొచ్చు. నిజమే, అప్పుడూ బాధపడ్డాం. కానీ అది కొత్త సిరీస్, మేమూ కొత్తవాళ్ళం, ఇరవై నెలల్లో జవాబు దొరికింది. ఒకసారి సరిపెట్టుకున్నాం కాబట్టి ఎప్పుడూ సరిపెట్టుకుంటామనుకోకూడదు. వారపత్రికల్లో డిటెక్టివ్ సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళం, 'సశేషం' అన్న మాట మాకు కొత్త కాదు. కాకపోతే దాని కింద 'వచ్చే వారం' అని ఉండేది.

అందరి కోపాన్నీ నేను సమర్థించను. నటుల్ని తిట్టడం అన్యాయం, జైదీప్ అహ్లావత్ రుక్మగా కనిపించిన ప్రతిసారీ మా గదిలో మాటలు ఆగిపోయాయి. ఇంకో ఫిర్యాదు మా బంధువుల్లోనే విన్నాను: "ఆ నాగాలాండ్ పేర్లు, ఆ మనుషులు గుర్తుండట్లేదు, కథ నెమ్మదించింది" అని. దీనితో నాకు పేచీ ఉంది. మన సినిమాల్లో ఈశాన్యం కనిపించడమే అరుదు. ఇక్కడ అక్కడి మనుషులకు పేర్లున్నాయి, వాళ్ళలో వాళ్ళకి తగాదాలున్నాయి, ఢిల్లీ మీద నమ్మకమూ అనుమానమూ రెండూ ఉన్నాయి. ఆ పేర్లు నోరు తిరగకపోవడం ఇన్నేళ్ళూ మనం అటు చూడకపోవడం వల్లే, దానికి సిరీస్‌ని తప్పుపట్టడం ఏమిటి? నిజానికి నా అసంతృప్తి ఇక్కడే ఎక్కువ. అంత శ్రద్ధగా పరిచిన ఆ లోకం ఏ ఒడ్డుకు చేరిందో చూడనివ్వకుండా తలుపు వేసేశారు.

చందా ముందే కట్టించుకునే వ్యాపారం ఇది. సినిమా నచ్చకపోతే ఆ ఒక్క టికెట్టే పోతుంది. ఇక్కడ మిగతా కథ కోసం చందా ఎన్నాళ్ళు కడుతూ ఉండాలో ప్రేక్షకుడికి తెలియదు. అందుకే నాదో విన్నపం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి కార్యక్రమానికీ ఏ వయసువారు చూడదగ్గదో, అందులో హింస, బూతులు వంటివి ఏమున్నాయో ముందే చూపిస్తున్నాయి. ఆ పక్కనే ఇంకొక్క వాక్యం చేర్చమనండి: 'ఈ కథ ఈ సీజన్‌తో ముగియదు'. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, సంస్థలే అనుకుంటే రేపే చేయొచ్చు. తర్వాతి సీజన్ ఏ సంవత్సరం వస్తుందో తెలిస్తే అదీ రాయాలి.

ఆ వాక్యం ఉండి ఉంటే నేను అమ్మకి ముందే చెప్పేదాన్ని. ఇప్పుడే చూద్దామో, మిగతాదీ వచ్చాక ఒకేసారి చూద్దామో తనే చెప్పేది.

ఇట్లు,
ఒక పాఠకురాలు