ఫుట్‌బాల్ కోచింగ్ కోర్సు విజయనగరంలో పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

భారత ఫుట్‌బాల్ జట్టును చూసుకుంటున్న ఖాలిద్ జమీల్‌ను క్రీడా వార్తల్లో ఒకచోట కోచ్ అని, మరోచోట మేనేజర్ అని రాస్తున్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మేనేజర్ అంటే టోర్నమెంటుకి జట్టు వెంట వెళ్ళే పీఈటీ మాస్టారు. పిల్లల ఆధార్ జిరాక్సులు, పుట్టినతేదీ పత్రాలు, టికెట్లు, భోజనాలు ఆయన పూచీ. ఇంగ్లండు క్లబ్బుల్లో ఆ మాటకి అర్థం వేరు. ఏ ఆటగాణ్ణి తెచ్చుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఈ వారం ఏ పదకొండు మంది దిగాలి అన్నది తేల్చే మనిషి మేనేజర్. మన దేశపు క్లబ్బుల్లో ఈ పనిలో ఎక్కువ భాగం హెడ్ కోచ్ చేస్తాడు. ఒక ఆటగాడు ఆ కుర్చీ దాకా ఎలా వెళ్తాడో చూస్తే, మన దగ్గర ఏ మెట్టు లేదో తెలుస్తుంది.

జమీల్ 1977లో కువైట్‌లో పుట్టారు. మిడ్‌ఫీల్డర్‌గా మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా, ముంబయి ఎఫ్‌సీలకి ఆడారు. గాయాలు కుదురుగా ఆడనివ్వలేదు. 2009లో ఆట మాని అదే ముంబయి ఎఫ్‌సీకి కోచ్ అయ్యారు. అది డబ్బున్న క్లబ్బు కాదు. ఏటా పట్టికలో అడుగున మిగిలి కింది స్థాయి లీగ్‌కి జారకుండా నిలబెట్టడమే అక్కడి పని. ఆ పని ఏడేళ్ళు చేశారు. ఆయన అసలు చదువు ఆ ఏడేళ్ళేనని నా నమ్మకం. 2016-17లో మిజోరం క్లబ్బు ఐజ్వాల్ ఎఫ్‌సీకి వెళ్ళారు. ముందటి ఏడు కిందికి పడిపోయి, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్ళీ చోటు దక్కిన జట్టు అది. ఆ జట్టే 37 పాయింట్లతో, కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ కన్నా ఒకే ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చుకుని జాతీయ స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది. చివరి మ్యాచ్ షిల్లాంగ్‌లో. డ్రా అయితే చాలు, 1-1తో ముగిసింది. 2021లో నార్త్ ఈస్ట్ యునైటెడ్‌ని సీజన్ మధ్యలో అందుకుని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) సెమీఫైనల్స్‌కి చేర్చారు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు చేతికొచ్చింది. వెంటనే మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం నడిపే కాఫా నేషన్స్ కప్‌లో మూడో స్థానం వచ్చినా, 2027 ఆసియా కప్‌కి మాత్రం అర్హత దక్కలేదు. ఆ దెబ్బ ఆయన ఖాతాలోనే పడింది, ఈ ఉద్యోగంలో అంతే.

ఈ దారి కొత్తదేమీ కాదు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకి కెప్టెన్. తర్వాత కలకత్తా క్లబ్బులకీ జాతీయ జట్టుకీ కోచ్‌గా చేశారు. భారత జట్టు మాజీ ఆటగాడు షబ్బీర్ అలీ శిక్షణలో గోవా క్లబ్బు సాల్గావ్‌కర్ 1998-99 జాతీయ లీగ్ గెలుచుకుంది. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా పేరు తెచ్చుకున్న అలెక్స్ ఫెర్గూసన్ కూడా చిన్నచోటే మొదలుపెట్టారు. 1974లో ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ అనే చిన్న స్కాటిష్ క్లబ్బులో మేనేజర్‌గా చేరినప్పుడు అక్కడ ఎనిమిది మంది ఆటగాళ్ళే ఉన్నారు, గోల్‌కీపర్ లేడు.

మన దగ్గర జరుగుతున్నది చూడండి. పాతికేళ్ళు దాటాక ఉద్యోగమో పెళ్ళో వచ్చి ఆట ఆగుతుంది. బాగా ఆడేవాడు కదా అని మైదానంలో పిల్లల్ని అప్పగిస్తారు. అతను తనకి నేర్పినట్టే నేర్పుతాడు. ముందు గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు, తర్వాత ఇరవై ఐదు మంది లైన్లో, బంతులు రెండు. గంటన్నరలో ఒక్కో పిల్లాడికి బంతి కాలికి తగిలేది పది పదిహేనుసార్లు. అదే పిల్లల్ని నలుగురేసి జట్లుగా విడదీసి, ముప్ఫై అడుగుల వెడల్పు, నలభై ఐదు అడుగుల పొడవు గీతలు గీసి నాలుగు నాలుగు ఆడించండి, అదే సమయంలో వందసార్లకి తక్కువ తగలదు. పరుగు దానంతటదే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికల్లా ముగించాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళకి ఆపాలి.

మ్యాచ్ రోజు తప్పులు ఇంకో రకం. ఇప్పటి నిబంధనల్లో ఐదుగురు ఆటగాళ్ళని మార్చే వీలు ఉన్నా, విరామం కాకుండా ఆట నడుస్తుండగా ఆ మార్పులకి దొరికేవి మూడు అవకాశాలే. ఒక్కొక్కర్నీ విడివిడిగా పంపి మూడూ అరవై ఐదో నిమిషానికల్లా వాడేస్తే, ఆ తర్వాత ఎవరికైనా పిక్క పట్టేస్తే పదిమందితోనే ఆడాలి. విరామం పదిహేను నిమిషాలని చెప్తారు గానీ, నీళ్ళూ కట్టూ పోను మాట్లాడటానికి మిగిలేది ఆరేడు నిమిషాలు. అందులో రెండు విషయాలు చెప్తే బుర్రకెక్కుతాయి. ఎనిమిది చెప్తే ఒక్కటీ గుర్తుండదు. ఇవన్నీ ఎంత బాగా ఆడినవాడికైనా వేరే నేర్పాలి.

నేర్పే ఏర్పాటు దేశంలో ఉంది. కోచ్‌గా పనిచేయడానికి అర్హత ఇచ్చే లైసెన్సులు మెట్లు మెట్లుగా ఉన్నాయి: అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సు, ఆపైన ఆసియా సమాఖ్య సి, బి, ఎ, చివర ప్రో. ఒక మెట్టు దాటాక కొంతకాలం నిజంగా ఒక జట్టుకి శిక్షణ ఇస్తేనే పై మెట్టుకి రానిస్తారు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే డిప్లొమా వేరు. ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకి ఆ డిప్లొమా అడుగుతారు, క్లబ్బు బెంచీ మీద కూర్చోవాలంటే లైసెన్సు అడుగుతారు. ఈ తేడా తెలియక మన కుర్రాళ్ళు ఒకటి చేసి రెండోదానికి పనికొస్తుందనుకుంటున్నారు.

కోర్సు ఎక్కడో ఉంటే రోజుకూలీ వదులుకుని, బస్సు, బస, ఫీజు కలిపి భరించలేక మానేస్తున్నారు. అందుకే రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం, రెండు జిల్లాల క్రీడాధికారులు కలిసి ఒక డి లైసెన్సు కోర్సు విజయనగరంలో పెట్టాలని కోరుతున్నాను. కావలసింది గడ్డి ఉన్న ఒక మైదానం, ప్రొజెక్టరున్న ఒక తరగతి గది, రెండు డజన్ల బంతులు, జట్లు గుర్తుపట్టడానికి చొక్కా మీద తొడిగే నాలుగు రంగుల బిబ్బులు, యాభై కోన్లు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్ళకి హాస్టల్లో పడక ఇవ్వాలి. మహిళా ఫుట్‌బాలర్లకి కనీసం నాలుగో వంతు చోట్లు ఉంచాలి, ఎందుకంటే ఆడపిల్లల జట్లకి శిక్షకులు దొరకడమే కష్టంగా ఉంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెడితే, కోర్సు చేసినవాళ్ళు మే నెల వేసవి శిబిరాల్లో పిల్లలతో వెంటనే పని మొదలుపెట్టగలరు.

— ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు, విజయనగరం