చెన్నపట్నం చరిత్ర సభల్లో తెలుగు ఏదీ?

ఏటా ఆగస్టు 22, మద్రాసు డే, ముందూ వెనకా చెన్నైలో జరిగే స్థానిక చరిత్ర ఉపన్యాసాలు ఇక్కడి తెలుగువాళ్ల దాకా రావడం లేదు. 1639లో ఈ నేలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది అప్పటి ఇక్కడి తెలుగు పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. నేను విన్న ఉపన్యాసాల్లో మాత్రం ఆయనకు ఒక్క వాక్యం, తర్వాత గంటసేపు కోట గోడలూ గవర్నర్లూ. కంపెనీ పాలనపై ఇక్కడి జనం ఫిర్యాదులు వినిపించడానికి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టిన గాజుల లక్ష్మీనరసు శెట్టి పేరు వినబడితే అదృష్టమే. పైగా అంతా ఇంగ్లిషులో, పనిరోజు సాయంత్రం. షావుకారుపేటలో కొట్టు కట్టేయకుండా ఎవరొస్తారు? అసలు సరుకు ఉపన్యాసం అయ్యాక కాఫీల దగ్గర బయటపడుతుంది. మొన్న ఒక పెద్దాయన వాళ్ల నాన్న ప్రెస్సులో తెలుగు అక్షరాలు కూర్చిన రోజుల గురించి మొదలుపెట్టారో లేదో, హాలు ఖాళీ చేయమన్నారు! చరిత్ర సంఘాలు, తెలుగు సంఘాలు కలిసి నెలకో ఆదివారం ఉదయం తెలుగులో సభ పెట్టాలి. ఏసీ హాలు అక్కర్లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరున్న లజ్ పార్కు ఉంది, 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచిన మైలాపూరు ఇల్లు ఉంది. వక్తకు అరగంట చాలు, మిగతా సమయం వచ్చిన పెద్దలకివ్వాలి. వాళ్ల మాటలు ఫోనులో రికార్డు చేసి, తెచ్చిన పాత ఫొటోలు, దస్తావేజులు స్కాన్ చేయించి ఒక ప్రతి గ్రంథాలయంలో ఉంచాలి. ఉగాది వేదిక మీద శాలువాలకయ్యే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ఏడాదంతా గడుస్తుంది.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై