హరికేన్ పెట్టె

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

అటక మీది హరికేన్ యుద్ధవిమానం బొమ్మ దించాను. "పారెయ్యకండి నాన్నా, ఇంఫాల్ యుద్ధం ఆటకి కావాలి" అని నువ్వు మెసేజ్ పెట్టి ఇరవై రోజులైంది. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పనుల్లో ఉండి ఉంటావు.

బాబీ, నువ్వూ కలిసి అతికించినప్పుడు ట్యూబు జిగురు మరీ ఎక్కువైంది. ఎడమ రెక్క మొదట్లో ప్లాస్టిక్ కరిగి, ఎవరిదో వేలిముద్ర అలాగే ఉండిపోయింది. దాన్ని అప్పుడే గీకకు. ముందు రంగు వదలాలి. మూతున్న డబ్బాలో నీళ్లు కలపని డెట్టాల్ పోసి ఒక రోజు నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోము. వెంటనే కుళాయి కింద పెట్టావంటే ఊడిన రంగంతా బంకై గీతల్లో పట్టేస్తుంది. మళ్లీ డెట్టాల్‌తోనే కడిగి, తుడిచి, ఆ తర్వాతే సబ్బునీళ్లు. గ్లవ్స్ వేసుకో, కిటికీ తీసిపెట్టుకో. గదికి కిటికీ ఉందా? నువ్వు హాస్టలు మారావని గాజువాక పిన్ని అంది. నాకు తెలీదన్నాను.

కుడి రెక్క పైకి లేచింది కనుక ఊడదీయాల్సిందే. జిప్ కవర్లో పెట్టి 3 గంటలు ఫ్రీజర్లో ఉంచితే పాత జిగురు పెళుసెక్కుతుంది. అతుకులో కత్తి మొన ఆనించి మెల్లగా తిప్పు, టక్కున విడుతుంది. కరిగి ఒకటైపోయిన చోట మాత్రం సన్నరంపమే గతి. తిరిగి అతికించాక రెక్కల కొసల కింద ఒకే మందం పుస్తకాలు పెట్టి రాత్రంతా కదపకు. సందుల్లో ఫెవిక్విక్, టాల్కం పౌడరు కలిపి పూసి గంటలోపే రుద్దెయ్యి. ఆలస్యమైతే అది రాయిలా బిగిసి, చుట్టూ ప్లాస్టిక్ అరిగిపోయి అదొక్కటే మిట్టగా మిగులుతుంది. వాటర్ పేపరు, అదే గరుకు కాగితం, 400, 600, 1000 నంబర్లు వరసగా తడిపి రుద్దాలి. కాక్‌పిట్ అద్దానికి ఫెవికాలే వాడు, ఫెవిక్విక్ ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. అన్నం వేళకి తింటున్నావా?

రంగుల దగ్గర నా మాట విను. పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు, కింద బూడిదరంగు. పెట్టెలో వచ్చిన డెకాల్స్‌లో, అదే రెక్కల మీద అతికించే గుర్తుల్లో, నడుమ ఎర్రచుక్క ఉంది, అవి వద్దు. 1944లో జపాన్ సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టింది, రోడ్డు తెగింది, సరుకంతా విమానాల్లోనే రావాలి. అప్పుడు స్క్వాడ్రన్ లీడర్ అర్జన్ సింగ్ కింద మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ హరికేన్లు కొండల మీద తక్కువ ఎత్తున తిరిగి శత్రువు జాడ చెప్పేవి. ఆ ఏడాదే ఆయనకి డీఎఫ్‌సీ అనే శౌర్య పతకం ఇచ్చారు. జపాన్ విమానాల గుర్తు ఎర్ర గుండ్రం. రెప్పపాటులో ఎర్రచుక్క కనబడితే మనవాళ్లే మనవాళ్లని కాల్చేస్తారని ఆ యుద్ధరంగంలో ఎరుపు పూర్తిగా తీసేసి, ముదురు నీలంలో లేత నీలం పెట్టారు. గుర్తు సరిగ్గా కనబడకపోతే చూసేవాళ్లు ఏదేదో ఊహించుకుంటారమ్మా. మీ అమ్మ మూడు వారాలుగా ఊహించుకుంటూనే ఉంది. ఉద్యోగం మానేసినా, గది మారినా, చెబితే మేం కోప్పడం. ఒక్క మాట చెప్పాలి కదా. అంత పెద్దదానివి, నీకు తెలీదా!

సరే. ఆటలో ఎగురుతున్నట్టే నిలబడాలి కాబట్టి విరిగిన చక్రాలు కోసేసి, గుంటల మీద 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు వెయ్యి. పొట్ట కింద బరువు తూగే చోటు వేలిమీద చూసుకుని 6 మి.మీ. అయస్కాంతం దిగెయ్యి. జిగురు పెట్టే ముందే ఏ వైపు అంటుకుంటుందో పెన్నుతో గుర్తు పెట్టుకో. నిలబెట్టడానికి 3 మి.మీ. యాక్రిలిక్ కడ్డీ 20 సెం.మీ. చాలు. రెక్కల వెడల్పు 169 మి.మీ. ఉంది, అడుగు పలక 60 మి.మీ. కంటే చిన్నదైతే ఒరిగిపోతుంది. కింద ఇనప వాషర్లు అతికించు. అందరి చేతులూ పడతాయి కనుక మ్యాట్ వార్నిష్ రెండు పూతలు.

విమానాన్ని పాత చీరముక్కలో చుట్టి, పక్కన కాకరకాయ కారం సీసా సర్ది, పెట్టెను మీ అమ్మ కుట్టుమిషను మీద పెట్టాను. పైన అడ్రసు ఇంకా రాయలేదు. ఏది రాయమంటావో రేపు ఫోన్ చేసి చెప్పు.

నాన్న