ప్రేమ కథల్లో భక్తి నవ్వులాటా?

మతాంతర ప్రేమపై వచ్చే తెలుగు రొమాంటిక్ కామెడీల్లో భక్తి ఉన్నవాళ్లే ఎక్కువగా నవ్వులపాలవుతున్నారు. తండ్రి మడి, తల్లి ప్రార్థన కామెడీ సీన్లకే పనికొస్తాయి. హీరో హీరోయిన్లకు తమదంటూ ఏ నమ్మకమూ ఉండదు. ఇక అసలు చిక్కు ఎక్కడుంటుంది? మా వీధిలో ఒక జంట ఉంది. ఆమె ఆదివారం చర్చి మానదు, ఆయన కార్తీక సోమవారం ఉపవాసం విడవడు. ఆ సాయంత్రం దీపాలకు ఒత్తులు చేసిపెట్టేది ఆమే. పిల్లాడికి పేరు పెట్టే దగ్గర మాత్రం కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఇందులో బోలెడంత హాస్యం ఉంది, ప్రేమా ఉంది. 2000లో ఎడ్వర్డ్ నార్టన్ దర్శకత్వంలో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘కీపింగ్ ది ఫెయిత్’లో చిన్ననాటి స్నేహితులైన క్యాథలిక్ ఫాదర్, యూదు రబ్బీ ఒకే అమ్మాయిని ప్రేమిస్తారు. బాగా నవ్విస్తూనే ఆ కథ ఫాదర్‌ను ఫాదర్‌గానే నిలబెట్టింది. మన రచయితలు స్క్రిప్టు రాసే ముందు పూజారితో, పాస్టర్‌తో, ఇలాంటి దంపతులతో కూర్చుని మాట్లాడాలి. క్లైమాక్స్‌లో పెద్దల గుండెపోటు డ్రామాకు బదులు, మతం మారకుండానే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి పెళ్లి చేసుకోవచ్చని ఒక్క సీనులోనైనా చూపించాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి